1893 నాటి ఇటుక ఇల్లు, ముందు గదిలో చెమ్మ: ఇంజెక్షన్ కొట్టించాలా వద్దా?

రెడింగ్_రాంబాబు
పోయిన ఆగస్టులో ఇంగ్లాండ్‌లో, రెడింగ్‌లో టెర్రేస్ ఇల్లు, అంటే వరసగా గోడకి గోడ అతికి ఉండే ఇళ్లలో ఒకటి, కొన్నాం. వీధి వైపు గోడకి ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుకలతో డిజైన్, పైన రాతి పలక మీద 1893 అని చెక్కి ఉంది. ఆ ముఖం చూసి మా ఆవిడ పడిపోయింది, ధర చూసి నేను. దసరా దాటి హీటర్లు వేయడం మొదలుపెట్టామో లేదో, ముందు గదిలో వీధి వైపు గోడకి కింద నుంచి మోకాలి ఎత్తు దాకా పెయింట్ పొంగి పెచ్చులు ఊడుతోంది. తెల్లటి పొడి రాలుతోంది. సోఫా వెనక ముక్కిన వాసన.

'ఉచిత సర్వే' అని చెమ్మ కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. రెండు సూదులున్న మీటరు గోడకి గుచ్చాడు, అది కుయ్యిమంది, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. రైజింగ్ డ్యాంప్ అట, అంటే నేలలోని చెమ్మ గోడలోకి పైకెక్కడం. గోడ అడుగున వరసగా బెజ్జాలు వేసి కెమికల్ ఇంజెక్ట్ చేస్తారట. మీటరు ఎత్తు దాకా పాత ప్లాస్టర్ కొట్టేసి వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూస్తారట. 4,800 పౌండ్లు, 20 ఏళ్ల గ్యారంటీ. శుక్రవారం లోపు అడ్వాన్స్ కడితే పది శాతం తగ్గింపు.

తెనాలిలో మా నాన్న ఫోన్‌లో "గోడకి డీపీసీ, అదే చెమ్మ ఆపే పొర, వెయ్యకుండానే కట్టారా ఇంగ్లీషోళ్లు?" అని ఒకటే ఆశ్చర్యం. ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు చెప్పండి, కట్టెయ్యమంటారా?

స్లౌ_సుబ్బులు
కొత్త ఇల్లు కొనుక్కోమని ఈ ఫోరంలోనే వందసార్లు మొత్తుకున్నా. పదేళ్ల వారంటీ ఉండేది. ఇప్పుడు విక్టోరియా రాణి గారికి ఫోన్ చేసుకోండి.

లీడ్స్_లలిత
సుబ్బులు గారి కొత్త ఇంట్లో పక్కింటాయన తుమ్మితే ఈయన ఇక్కడి నుంచి "చిరంజీవ" అంటారు. అది కూడా చెప్పండి సార్.

పాతగోడ
శుక్రవారం డిస్కౌంటు సంగతి పక్కన పెట్టండి. నా పని ఇలాంటి ఇళ్ల మీదే. ముందు బయటికెళ్లి నాలుగు చూసి చెప్పండి. వీధి వైపు నేల, మీ గది ఫ్లోర్ కన్నా ఎంత కింద ఉంది? గోడ అడుగున చిల్లుల ఇటుకలు, అంటే ఎయిర్ బ్రిక్స్, కనిపిస్తున్నాయా? ఇటుకల మధ్య జాయింట్లలో ఉన్నది గీరితే పొడి రాలే లేత రంగు సున్నమా, గీత కూడా పడని బూడిదరంగు సిమెంటా? వాన పడేటప్పుడు పైకప్పు అంచున గట్టర్ ఎక్కడైనా కారుతోందా?

రెడింగ్_రాంబాబు
చూశా. ఇంటి ముందున్న చిన్న జాగాలో పాత ఓనరు కాంక్రీటు పోయించి, మీద టైల్స్ వేయించాడు. దానికీ లోపల ఫ్లోర్‌కీ మధ్య నాలుగు వేళ్ల తేడా కూడా లేదు. ఎయిర్ బ్రిక్స్ రెండున్నాయి. ఒకటి సగం కాంక్రీటులో మునిగింది. రెండోదాని చిల్లుల్లో ఎవరో ప్లాస్టిక్ కవర్లు కుక్కారు, చలిగాలి రాకూడదని కాబోలు. జాయింట్లు తాళంచెవితో గీరితే తాళంచెవే వంగింది. గట్టర్ బాగానే ఉంది.

పాతగోడ
అయితే రోగం చాలావరకు దొరికినట్టే. కాస్త ఓపిగ్గా చదవండి, పెద్ద పోస్టు.

మీది తొమ్మిదంగుళాల గట్టి ఇటుక గోడ, మధ్యలో ఖాళీ లేదు. రెండు పలుచటి గోడలు కట్టి నడుమ ఖాళీ వదిలే పద్ధతి ఇక్కడి ఇళ్లకి మామూలైంది 1920ల తర్వాతే. మీ గోడలో ఒక ఇటుక పొడుగు వైపు, పక్కది పొట్టి వైపు కనిపిస్తూ ప్రతి వరసలో మారుతూ ఉంటాయి చూడండి, అది ఫ్లెమిష్ బాండ్. పొట్టి వైపు కనిపించేవి గోడ మందమంతా లోపలికి వెళ్లి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచుతాయి. మీ ఊళ్లో ఆ పొట్టి ఇటుకల్నే బూడిదరంగువి పెట్టి డిజైన్ తీశారు. అందం, బలం రెండూ ఒక్క పనిలో అయిపోయాయి.

ఈ గోడ తడవనే తడవదని కట్టినవాళ్లు అనుకోలేదు. తడుస్తుంది, ఆరుతుంది అన్న లెక్క మీద కట్టారు. వాన నీళ్లు ఇటుకలోకి కొంత దూరం పోతాయి, వాన వెలిశాక మెత్తటి సున్నం జాయింట్ల గుండా బయటికొచ్చేస్తాయి. జాయింటు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. ఉప్పు దెబ్బయినా మంచు దెబ్బయినా అదే తినాలి. పాడైనప్పుడు గీకేసి కొత్త సున్నం నింపుకుంటే ఇటుక చెక్కుచెదరదు. తర్వాతి తరం వాళ్లు, బలంగా ఉంటుందని అందులో సిమెంటు నింపారు. ఇప్పుడు నీళ్లు బయటికి రావడానికి ఇటుక మొహం తప్ప వేరే దారి లేదు. శీతాకాలం ఆ నీళ్లు గడ్డకట్టి ఇటుక మొహం పలకలుగా ఊడుతుంది. మట్టి కుండకి ఎనామెల్ పెయింట్ వేసి, నీళ్లు చల్లబడటం లేదని కుమ్మరిని తిట్టినట్టుంది మన వ్యవహారం.

ఇక మీ నాన్నగారి ప్రశ్న. డీపీసీ వేసే ఉంటారు. 1875 పబ్లిక్ హెల్త్ చట్టం, దాని వెనకే 1877లో వచ్చిన నమూనా బైలాలు, వీటి తర్వాత ఊళ్ల మునిసిపాలిటీలు గోడ అడుగున చెమ్మ ఆపే పొర అడగడం మొదలుపెట్టాయి. నల్ల పలకరాయి రెండు వరసలు, లేదా తారు, లేదా నీళ్లు పీల్చని గట్టి నీలం ఇటుకలు వేసేవారు. 1893 అంటే మీ గోడలో ఏదో ఒకటి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ పొర బయటి నేలకి కనీసం 150 మిల్లీమీటర్ల పైన ఉండాలి. మీ పాత ఓనరు కాంక్రీటు పోసి దాన్ని పాతిపెట్టేశాడు. వాన చినుకు టైల్స్ మీద పడి ఎగిరి, పొరకి పైనున్న ఇటుకల్ని రోజూ తడుపుతోంది.

ఆ మీటరు కలపలో తేమ కొలవడానికి చేసింది. రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది, అంతే. గోడలో ఉప్పు పేరుకుని ఉంటే దాదాపు ఆరిన గోడకి కూడా కుయ్యిమంటుంది.

రెడింగ్_రాంబాబు
తాళంచెవి డబ్బులు ఎవరిస్తారు సార్?

స్లౌ_సుబ్బులు
విక్టోరియా రాణి గారే.

పల్నాటి_మేస్త్రి_మనవడు
పాతగోడ గారు చెప్పింది మా తాత రోజూ అనే మాటే. మా వైపు పాత మిద్దెలన్నీ డంగు సున్నంతో కట్టినవే. గుండ్రటి కాలవలో సున్నం, ఇసుక పోసి, ఎద్దుతో రాతి చక్రం తిప్పించి గానుగ పట్టేవారు. పైపూతకి బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. పూత వేశాక తడి గోనెసంచులు కప్పి నెమ్మదిగా ఆరనిచ్చేవారు. ఎండకి త్వరగా ఆరితే పూత పనికిరాదని తాత మనుషుల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రాంబాబు అన్నా, లోపల వాటర్‌ప్రూఫ్ సిమెంటు మాత్రం పూయించకు. చెమ్మ పోదు, కంటికి కనబడకుండా దాక్కుంటుంది.

రాజమండ్రి_టు_కార్డిఫ్
ఆ మాటకొస్తే కాటన్ దొర 1852లో పూర్తి చేసిన పాత ధవళేశ్వరం ఆనకట్టకి కూడా సున్నమే. గోదావరి వరదనే ఆపిన సున్నం రెడింగ్ వానకి భయపడుతుందా?

క్రాయిడన్_ఇంజినీర్
అందరూ కలిసి విక్టోరియన్ మేస్త్రికి గుడి కట్టేలా ఉన్నారు, కాస్త ఆగండి. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఈ ఇళ్లు కూలకుండా చూడటమే నా జీతం.

ఆ కాలంలో సగం వీధులు చిన్న బిల్డర్లు అప్పు తెచ్చి, స్థలం లీజుకి తీసుకుని, నాలుగేసి ఇళ్లు కట్టి అమ్ముకుంటూ పోయినవి. అందుకే ఒకే వీధిలో నాలుగిళ్లు దాటగానే కిటికీ పైన నగిషీ మారిపోతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి వాళ్లు చేసిన మాయలు చూస్తే మన ఊరి కాంట్రాక్టర్లు దండం పెడతారు. పాతగోడ గారు మెచ్చుకున్న ఆ ఫ్లెమిష్ బాండ్‌నే తీసుకోండి. బయటి మొహానికి ఖరీదైన ఇటుక, లోపలికి చవక ఇటుక. ఖరీదైనవి ఆదా చెయ్యాలని పొట్టి వైపు కనిపించేవాటిని సగానికి విరిచి అతికించేవారు. చూడ్డానికి బాండ్, నిజానికి ముందు భాగానికీ వెనక భాగానికీ సంబంధం లేదు. వందేళ్ల తర్వాత ముందు భాగం పొట్ట ఉబ్బినట్టు బయటికొస్తుంది. అలాంటి గోడలకి రెండు భాగాల్నీ కలిపి పట్టే స్టీలు కడ్డీలు వేయించడం మాకు మామూలు పని.

పునాదుల సంగతి కూడా వినండి. గోడ అడుగున ఇటుకల్ని మెట్లు మెట్లుగా వెడల్పు చేసి నేల మీద పెట్టడమే, చాలాచోట్ల లోతు రెండడుగులు దాటదు. లండన్ బంకమట్టి వేసవిలో కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది. 1976 కరువులో లండన్ చుట్టుపక్కల ఎన్ని గోడలు పగిలాయో ఇన్సూరెన్సు వాళ్లని అడగండి. పునాది కాస్త దిగితే పలకరాయి డీపీసీ కూడా విరుగుతుంది. కాబట్టి 'పొర ఉంది, నిశ్చింత' అనుకోకండి. రైజింగ్ డ్యాంప్ అనేదే లేదనే గుంపులో నేను లేను.

పాతగోడ
నేనూ లేదనలేదు ఇంజినీర్ గారూ. కనిపిస్తున్న కారణాలు తీసెయ్యకుండా కనిపించని కారణానికి 4,800 ఎందుకు కట్టాలి అన్నా. విరిచిన ఇటుకల విషయంలో మీతో ఏకీభవిస్తా, నేనూ చాలా చూశాను. కానీ సున్నం జాయింటు వల్లే ఆ గోడలు అంత కదలికని తట్టుకున్నాయి. సిమెంటుతో కట్టి ఉంటే మొదటి కరువుకే పై నుంచి కింది దాకా చీలేవి.

క్రాయిడన్_ఇంజినీర్
అది ఒప్పుకుంటా. రాంబాబు గారూ, ఇంజెక్షన్ అమ్మేవాణ్ని 'ఉచిత సర్వే'కి పిలవడం మానేసి, ఏమీ అమ్మని సర్వేయర్‌కి డబ్బులిచ్చి చూపించండి. గోడలోకి డ్రిల్లు వేసి, వచ్చిన పొడిలో తేమ ఎంతో కార్బైడ్ పరీక్షతో చెప్తాడు. మీటరు కుయ్యిమనడం కన్నా అది నయం.

లీడ్స్_లలిత
మీకు కనీసం ముందు, వెనక రెండు గోడలున్నాయి. మేం మొదట అద్దెకున్నది బ్యాక్-టు-బ్యాక్. ఇంటి వీపుకి ఇంకో ఇంటి వీపు అతికి ఉంటుంది. పక్కలకీ ఇళ్లే. కిటికీలు, తలుపు అన్నీ ఒక్క వైపే. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోయే ప్రసక్తే లేదు. 1909లో చట్టం కొత్తవి కట్టొద్దంది, అయినా మా లీడ్స్ వాళ్లు ముందే పాసైన ప్లాన్లున్నాయంటూ 1937 దాకా కడుతూనే ఉన్నారు. హీటింగ్ బిల్లు మాత్రం చాలా తక్కువ, మూడు వైపులా జనం వెచ్చగా ఉంచుతారు కదా. బర్మింగ్‌హామ్‌లో పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్లు అలాంటి ఇళ్ల వాడ ఒకటి మ్యూజియంగా ఉంచారు, వీలైతే చూడండి. వాడంతటికీ కలిపి వాకిట్లో పెట్టిన మరుగుదొడ్లు చూశాక మీ ముందు గది రాజమహల్ అనిపిస్తుంది.

నారాయణగూడ_నాని
నేను హైదరాబాద్‌లోనే ఉంటా, ఊరికే చదువుతున్నా. ఒక డౌటు. అంత చలి దేశంలో అంత పెద్ద కిటికీలు ఎందుకు పెట్టారు? ముందుకి పొడుచుకొచ్చిన బే కిటికీలు కూడా. మా పాత బస్తీలోనే కిటికీలు చిన్నగుంటయ్.

పాతగోడ
పన్నుల వల్ల నాని గారూ. 1845లో గాజు మీద సుంకం తీసేశారు, 1850లో ఇటుకల పన్ను, 1851లో కిటికీల పన్ను. అప్పటిదాకా కిటికీ ఎక్కువుంటే పన్ను ఎక్కువ, కొందరు ఉన్న కిటికీలే ఇటుకలతో మూసేసుకున్నారు. పన్నులు పోయి, పెద్ద గాజు పలకలు చవకయ్యేసరికి, చేతిలో నాలుగు డబ్బులున్న ప్రతి గుమాస్తాకీ వీధి వైపు బే కిటికీ కావాల్సొచ్చింది. చిన్న చిన్న గళ్ల అద్దాలు పోయి, పైకీ కిందికీ జరిగే ఒక్కో రెక్కకి ఒకటో రెండో పెద్ద అద్దాలొచ్చాయి. బరువు పెరిగింది కాబట్టి పై రెక్క అడుగున రెండు మూలలా చిన్న కొమ్ముల్లాంటి చెక్క ముక్కలు వదిలారు, రెక్క చట్రం అతుకు విడిపోకుండా. ఆ కొమ్ములుంటే ఆ కిటికీ దాదాపు విక్టోరియా కాలం మధ్య నుంచి ఇటువైపుదే.

కాఫీ_కమల
అలా జరిగే రెక్కల కిటికీ, అదే సాష్ కిటికీ, లోపల ఏముంటుందో నేను చూశా. తాడు తెగి రెక్క ధడేల్మని పడితే కార్పెంటర్‌ని పిలిచాం. పక్క చెక్కలో ఎవరికీ కనబడని చిన్న మూత ఉంది. అది తీసి లోపలికి చెయ్యి పెట్టి, తుప్పు పట్టిన ఇనప కడ్డీ ఒకటి బయటికి లాగాడు, పొడవు మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది. ఒక్కో రెక్కకి రెండు కడ్డీలు, రెండూ కలిపి రెక్క బరువుకి సరిసమానంగా తూగుతాయి. అందుకే అంత పెద్ద రెక్క రెండు వేళ్లతో లేస్తుంది. కొత్త తాడు కట్టి, కప్పీ మీద నుంచి జార్చి, మూత పెట్టేశాడు. గంటలో పని అయిపోయింది. అంతకుముందు వచ్చిన ప్లాస్టిక్ కిటికీల సేల్స్‌మన్ మొత్తం మార్చాల్సిందేనన్నాడు.

స్లౌ_సుబ్బులు
ఆ కిటికీ సందుల్లోంచి గాలి దూరదా? నిజం చెప్పండి కమల గారూ.

కాఫీ_కమల
దూరుతుంది. సందులకి బ్రష్ స్ట్రిప్, అంటే కుచ్చుల పట్టీ, పెట్టించాక తగ్గింది. మొత్తం పోలేదు. జనవరిలో కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగాలంటే శాలువా ఉండాల్సిందే.

పాతగోడ
ఆ గాలి కూడా వాళ్ల లెక్కలోదే. ప్రతి గదిలో బొగ్గు పొయ్యి ఉండేది. నిప్పు మండితే పొగగొట్టం గదిలో గాలిని పైకి లాగుతుంది, కిటికీ సందుల్లోంచి, నేల చెక్కల సందుల్లోంచి కొత్త గాలి వస్తుంది. చెమ్మ కూడా దాంతోనే పోయేది. మనం పొయ్యి మూసేశాం, సందులు మూసేశాం, వంటింట్లో కుక్కర్, బాత్రూంలో వేడి షవర్, రేడియేటర్ మీద తడి బట్టలు. ఆ తేమ పోయే దారే లేదు.

నారాయణగూడ_నాని
రేడియేటర్ మీద తడి బట్టలు లేని తెలుగు ఇల్లు ఉంటే ఫొటో పెట్టండి.

పల్నాటి_మేస్త్రి_మనవడు
పొయ్యి మాటొచ్చింది కాబట్టి: మా మాంచెస్టర్ ఇంట్లో పొగగొట్టం గోడ మీద ఎన్నిసార్లు పెయింట్ వేసినా గోధుమరంగు మరక మళ్లీ పైకొచ్చేది. ఏళ్ల తరబడి మండిన బొగ్గు మసిలోని లవణాలు ఇటుకలోకి దిగి, గాలిలో తేమని లాక్కుంటాయట. పొయ్యి మూసినవాడు చిన్న గ్రిల్ కూడా వదల్లేదు. గ్రిల్ పెట్టించి, పైన గొట్టానికి వాన పడకుండా గాలి ఆడే టోపీ పెట్టించాం. ఆ గోడ ప్లాస్టర్ మాత్రం తీసేసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది, ఉప్పు ఎక్కిన ప్లాస్టర్ బాగుపడదు.

రెడింగ్_రాంబాబు
మా ముందు గది పొయ్యి కూడా మూసేసే ఉంది, గ్రిల్ లేదు. ఇంకో భయం. ఆ గదిలో నడుస్తుంటే కిటికీ దగ్గర నేల కొంచెం ఊగుతుంది. దీనికీ చెమ్మకీ సంబంధం ఉందా?

క్రాయిడన్_ఇంజినీర్
ఉంది. ఇవాళే కార్పెట్ ఎత్తి ఒక చెక్క పలక తీసి చూడండి. మీది నేల మీద పరిచిన ఫ్లోర్ కాదు, గాలిలో ఆనించింది. కింద ఖాళీ, మధ్యలో గళ్ల ఇటుక గోడ, దాని మీద దూలాలు, వాటి మీద పలకలు. దూలం కొసలు తడి గోడలో దూర్చి ఉంటాయి. ఎయిర్ బ్రిక్స్ మూసుకుపోతే ముందు పుచ్చేది ఆ కొసలే.

రెడింగ్_రాంబాబు
తీశా. టార్చి వేసి బోర్లా పడుకుని చూశా, మా ఆవిడ వీడియో తీసింది. మోకాలి లోతు ఖాళీ. అడుగున నల్లటి మట్టి, విరిగిన ఇటుక ముక్కలు, మేస్త్రీలు పారేసిన తెల్ల మట్టి చిలుం పైపు ముక్క ఒకటి. వాసన మన ఊళ్లో వర్షాకాలం మూసిన గాదె తెరిస్తే వచ్చేదే. గది మధ్యలో దూలాలు గట్టిగా ఉన్నాయి, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగలేదు. వీధి గోడ దగ్గర మూడో దూలం కొసలో మాత్రం బెత్తెడు దాకా దిగిపోయింది. చెక్క చిన్న చిన్న ఘనాలుగా పగిలి ఉంది, చేత్తో నలిపితే పొడి అయింది. దాని పక్కన గోడ మీద తెల్లటి బూజు తీగలు. టెన్షన్ మొదలైంది.

క్రాయిడన్_ఇంజినీర్
తీగలు ఇటుక మీదికి పాకుతున్నాయంటే డ్రై రాట్, అంటే చెక్కని తినేస్తూ దూరం పాకే బూజు, అయ్యుండొచ్చు, తేలిగ్గా తీసుకోకండి. గోడ దాటి కూడా పాకుతుంది. సర్వేయర్ వచ్చేదాకా ఆ మూల బరువు పెట్టకండి, సోఫా జరిపెయ్యండి. పుచ్చిన కొస కోసేసి, కొత్త చెక్క పక్కన బోల్టు వేసి కలుపుతారు. కొసని గోడలో దూర్చకుండా లోహపు హ్యాంగర్‌లో కూర్చోబెడతారు. ఎయిర్ బ్రిక్స్ తెరవండి, ఇవాళే.

ఒకటి గమనించారా? ఇంజెక్షన్ అతను ఫ్లోర్ కిందికి చూడనే లేదు. 4,800 కట్టి, సిమెంటు పూయించుకుని, రెండేళ్లకి సోఫాతో సహా కిందికి దిగేవారు.

స్లౌ_సుబ్బులు
రాంబాబు గారూ, జోకులు పక్కన పెడితే, మీ ఇంటి ఇన్సూరెన్సులో ఇది వస్తుందేమో చూడండి. నెమ్మదిగా వచ్చిన చెమ్మకి చాలామంది ఇవ్వరు గానీ, పైపు లీకై వచ్చిందని తేలితే ఇస్తారు. మీ నీళ్ల పైపు వీధి నుంచి ఆ గది కింద నుంచే వస్తోందా?

రెడింగ్_రాంబాబు
మంచి ప్రశ్న సుబ్బులు గారూ. అన్ని కుళాయిలూ కట్టేసి నీళ్ల మీటర్ చూశా, అంకె కదల్లేదు. లీకు లేదు. కానీ వచ్చే పైపు సీసం పైపులాగుంది, మెత్తగా, గీరితే మెరుస్తోంది.

లీడ్స్_లలిత
సీసమే. పిల్లలుంటే ముందు దాని సంగతి చూడండి, నీళ్ల కంపెనీకి ఫోన్ చేస్తే పరీక్ష చేస్తారు. తలుపులు, కిటికీల పాత పెయింట్‌లో కూడా సీసం ఉంటుంది, పొడి లేచేలా శాండ్‌పేపర్ కొట్టకండి.

మెల్‌బోర్న్_మాధవి
ఇక్కడ మెల్‌బోర్న్‌లోనూ ఇదే గోల. 1880ల రియల్ ఎస్టేట్ ఊపులో కార్ల్‌టన్, ఫిట్జ్‌రాయ్ వైపు వీధులకి వీధులు టెర్రేస్ ఇళ్లు కట్టారు. వరండా ఒక్కటే తేడా. ముందు పోత ఇనుముతో లేసు అల్లినట్టు జాలీ, పైన ముడతల రేకు. ఊపు పోయి 1890ల్లో బ్యాంకులు మూతపడ్డాయి, బిల్డర్లు మునిగారు, ఇళ్లు నిలిచాయి. మా కింది గోడకి కూడా ఎవరో సిమెంటు పూశారు, అది కొట్టించి సున్నం వేయించాం. ఆరడానికి ఏడాది పట్టింది. ఓపిక పట్టండి.

రాజమండ్రి_టు_కార్డిఫ్
పైకప్పు ఎవరూ అడగలేదేంటి? ఆ ఇళ్లకి సగం అందం మా వేల్స్ పలకరాయి పలకలదే. పెన్రిన్ గని నుంచి రైళ్లలో ఇంగ్లాండ్ అంతా పోయాయి. అంతకుముందు గడ్డి, పెంకులు వాడిన ఊళ్లు కూడా పలకలకి మారాయి. పలుచగా, తేలిగ్గా ఉంటాయి కాబట్టి కింద సన్నటి వాసాలు సరిపోయాయి. సైజులకి పేర్లు కూడా భలే: 24 అంగుళాలది డచెస్, 20 అంగుళాలది కౌంటెస్, 16 అంగుళాలది లేడీ. మీ నెత్తిన రాజవంశమంతా కూర్చుని ఉంది రాంబాబు గారూ.

అసలు విషయం: పలక చెడదు, మేకు తుప్పు పడుతుంది. ఒకటీ అరా జారితే మేకు మార్చి అదే పలక మళ్లీ పెట్టించండి. కాంక్రీటు పెంకులు వేయిస్తానని ఎవడైనా వస్తే ఒప్పుకోకండి. ఆ బరువుకి వాసాలు వంగిన ఇళ్లు మా వీధిలో వరసగా చూపిస్తా.

కాఫీ_కమల
సీలింగ్ కూడా జాగ్రత్త. మాది సన్నటి చెక్క బద్దలు వరసగా కొట్టి, పశువుల వెంట్రుకలు కలిపిన సున్నం పూసింది. పూత బద్దల సందుల్లోంచి పైకి దూరి, అక్కడ మడత పడి గట్టిపడుతుంది, ఆ పట్టు మీదే నిలబడుతుంది. మా బిల్డర్ గుండ్రటి లైట్ల కోసం పన్నెండు బెజ్జాలు వేశాడు. ఆ అదురుకి మడతలన్నీ విరిగాయి. పండగ రోజు పొద్దున్నే మధ్యలో ఉన్న పూల చక్రంతో సహా డైనింగ్ టేబుల్ మీదికి దిగింది. పులిహోర మొత్తం పోయింది.

నారాయణగూడ_నాని
సీలింగ్ పోతే పోయింది, పులిహోర పోవడమే అన్యాయం.

రెడింగ్_రాంబాబు
అప్‌డేట్. స్వతంత్ర సర్వేయర్ వచ్చాడు, రెండు గంటలున్నాడు. పలకరాయి డీపీసీ దొరికింది, గోడ మూలలో కాంక్రీటు కొంచెం కొట్టి చూపించాడు, దాని పైన మూడు అంగుళాల కాంక్రీటు ఉంది. పొర పగల్లేదట. దూలం కొసలో ఉన్నది డ్రై రాట్ కాదు, మామూలు వెట్ రాటే, అంటే తడిసిన చోటే చెక్క పుచ్చడం. తెల్ల తీగలు వేరే బూజు. కాంక్రీటు తీసి కంకర కాలవ చెయ్యమన్నాడు, ఎయిర్ బ్రిక్స్ విడిపించమన్నాడు, పొయ్యికి గ్రిల్, కింది మీటరు దాకా సిమెంటు జాయింట్లు తీసి సున్నం, లోపల సున్నపు ప్లాస్టర్. ఇంజెక్షన్ ఊసే లేదు. అన్నీ కలిపి ఇంచుమించు 4,800కే వచ్చేలా ఉంది, కానీ దూలం పని కూడా ఇందులోనే.

రెండు ప్రశ్నలు. కాలవ తవ్వడానికి పక్కింటివాళ్లకి పార్టీ వాల్ నోటీసు, అంటే ఉమ్మడి గోడ చట్టం కింద ముందస్తు నోటీసు, ఇవ్వాలా? సున్నం పని ఇప్పుడే చేయించెయ్యొచ్చా?

క్రాయిడన్_ఇంజినీర్
1996 చట్టం ప్రకారం పక్కింటి పునాదికి మూడు మీటర్ల లోపల, దాని కన్నా లోతుగా తవ్వితే నోటీసు. మీ కాలవ అంత లోతు పోదు, పోకూడదు కూడా. మీ పునాదే రెండడుగులుంటుంది, మేస్త్రి ఉత్సాహంగా తవ్వుతుంటే పక్కనే నిలబడండి.

పాతగోడ
కాంక్రీటు, ఎయిర్ బ్రిక్స్, గ్రిల్, దూలం ఇప్పుడే. సున్నం మాత్రం ఏప్రిల్ దాకా ఆపండి. ఐదు డిగ్రీల కిందికి పోతే సున్నం పట్టుకోదు, మంచు పడితే రాలిపోతుంది. ఈలోగా గోడ ఆరడం కూడా మొదలవుతుంది. సిమెంటు జాయింట్లు తీసేటప్పుడు గ్రైండర్ వాడనివ్వకండి, ఇటుక అంచులు కోసేస్తుంది. ఉలి, సుత్తి. నెమ్మదిగా అవుతుంది, మేస్త్రి సణుగుతాడు, సణగనివ్వండి. లోపల గోడకి ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, సున్నపు పెయింటో క్లే పెయింటో వెయ్యండి. విలియం మోరిస్ వాళ్లు 1877లో పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం ఇప్పటికీ ఉంది, ఈ సున్నం పనుల మీద వాళ్ల సలహాలు ఉచితంగా దొరుకుతాయి.

పల్నాటి_మేస్త్రి_మనవడు
పూత వేసిన వారం హీటర్ తెగ పెట్టెయ్యకు అన్నా. తడి గోనెసంచి అక్కడ దొరక్కపోతే పాత దుప్పటి తడిపి వేలాడదియ్యి.

లీడ్స్_లలిత
పని మొదలుపెట్టే ముందు మీ వీధి కన్సర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపు కాపాడాలని గుర్తించిన ప్రాంతంలో, ఉందేమో కౌన్సిల్ మ్యాప్‌లో చూడండి. ఉంటే బయటి మార్పులకి ముందు వాళ్లని అడగడం మంచిది.

రెడింగ్_రాంబాబు
చూశా, ఉంది. మరి పాత ఓనరు పెట్టిన ఈ ప్లాస్టిక్ ముందు తలుపు?

క్రాయిడన్_ఇంజినీర్
దానికి కొత్త థ్రెడ్ పెట్టండి. ఇది మూడో పేజీకొచ్చింది.